పోటీకి పోసిన మందు

ఆకుల పిన్ని గట్టు ఎక్కేసరికే మొదటి దెబ్బ పడిపోయింది. తమ్ముడి చేతిలో పార. బురదలో మోకాళ్ల మీద అన్న. అడ్డం పెట్టిన అతని కుడిచెయ్యి మణికట్టు దగ్గర చీలిపోయి, నెత్తురు మడి నీళ్లలోకి కారుతోంది.

"నా పైరు మీద కలుపు మందు కొడతావా? నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?" అంటూ తమ్ముడు మళ్లీ పార ఎత్తాడు.

"నేను కొట్టలేదురా! మీ వదిన మీద ఒట్టు..."

రెండో దెబ్బ భుజం మీద పడింది. పిన్ని చెప్పులు వదిలేసి మడిలోకి దూకింది.

ఆమె అధికారీ కాదు, పెద్దగా చదువుకున్నదీ కాదు. వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఇరవై రెండేళ్లు రోజుకూలీగా మట్టి సంచులు మోసి, ఆకు నమూనాలు కోసి, పైరు దేనికోసం అలమటిస్తోందో ఆకు చూసి చెప్పడం నేర్చుకుంది. లేత ఆకు పాలిపోతే ఇనుము తక్కువ, వరిలో ముదురాకుల మీద తుప్పు మచ్చలు లేస్తే జింకు తక్కువ. కళ్లద్దాల సార్లు కూడా "పిన్నీ, ఇదేంటి?" అని అడిగేవారు. ఆ గర్వం కాస్త తలకెక్కింది కూడా, దాచడమెందుకు? చెప్పేది సరిగ్గానే చెబుతుంది. కానీ సగం చెప్పి వెళ్లిపోతుంది. అదీ ఆమె జబ్బు.

ఆ పొద్దున జరిగిందీ అదే. తమ్ముడు రోడ్డు మీద ఆమెను ఆపి, తుప్పు పట్టినట్టున్న వరి దుబ్బు చూపించాడు. అవతల బస్సు కదులుతోంది. అన్న ఒక బస్తా వేస్తే తను రెండు బస్తాలు వేసే రకం వాడు. భాస్వరం ఎరువు మరీ ఎక్కువైతే పైరుకు జింకు అందదు. ఆ సంగతంతా ఆమె నోట ఇలా వచ్చింది: "మందు ఎక్కువైందిరా. పోటీకి పోస్తే ఇంతే మరి!" నవ్వుతూ బస్సెక్కేసింది.

ఎవరు పోశారో చెప్పలేదు. ఎరువునీ మందే అంటారు, కలుపు చంపేదాన్నీ మందే అంటారు. నెల కింద నీటి వంతు దగ్గర అన్నతో తగువు పడ్డ తమ్ముడికి, పోటీ అనగానే పక్క మడిలోని అన్న మొహమే కనిపించింది. మధ్యాహ్నం తిరుగు బస్సు దిగి, అరుపులు విని పరుగెత్తే దాకా పిన్నికి ఇదేమీ తెలియదు.

"నువ్వే చెప్పావుగా పిన్నీ, పోటీకి మందు పోశాడని!"

"నువ్వు పోసిన ఎరువు గురించి చెప్పానురా, వెధవా!"

ఆమె పార కర్రను రెండు చేతులా పట్టుకుంది. వాడు విదిలించాడు. కర్ర దవడకు తగిలి పన్ను ఊడింది. ఆమె నెత్తురు ఉమ్మి, గట్టు మీది గడ్డి గుప్పెడు పీకి వాడి మొహాన కొట్టింది.

"చూడరా! కలుపు మందు కొడితే ఈ గడ్డి ఇంత పచ్చగా ఎలా ఉంది? నీ దుబ్బు చూడు. కింది ఆకులకే మచ్చలు, నడిమి లేత మొవ్వు బతికే ఉంది. జింకు లోపంరా ఇది! లీటరు నీళ్లకు రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజులకోసారి మూడుసార్లు కొడితే తేరుకునేది. దీనికి అన్నని నరుకుతావా?"

తమ్ముడు గడ్డి వంక చూశాడు. దుబ్బు వంక చూశాడు. పార చేతిలోంచి జారిపోయింది. ఆ తర్వాత తన తలను తనే గట్టున ఉన్న రాయికేసి బాదుకోవడం మొదలుపెట్టాడు. పిన్ని వాణ్ణి ఆపలేదు. కొంగు చింపి అన్న చెయ్యి బిగించి కడుతోంది.

తమ్ముణ్ణి పోలీసులు తీసుకెళ్లారు. పైరును పట్టించుకునే దిక్కు లేకపోతే, పిన్నే పిచికారీ డబ్బా వీపుకు తగిలించుకుని మూడుసార్లూ కొట్టింది. మూడు వారాలకు కొత్త ఆకులు పచ్చగా లేచాయి. అన్న చెయ్యి మాత్రం నిలవలేదు. చీము పట్టి, ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

పిన్ని వెళ్లి మంచం పక్కన నిలబడింది. "నా నోరే నీ చెయ్యి తీసింది నాయనా. పూర్తిగా చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు."

అన్న కట్టు వంక చూసుకున్నాడు. "నువ్వు సగం చెప్పావు, నిజమే. మిగతా సగం వాడు నన్ను అడగచ్చు కదా పిన్నీ? పక్క మళ్లోనే ఉన్నాను. ఒక్క మాట అడగలేదు."

పిన్ని మంచం కోడు పట్టుకుని భోరుమంది.