జక్రయ్య మాస్టారి ఇంటి మరమ్మతు

ఎవరు కనబడినా తన ఇల్లు కూలిపోతోందని చెప్పడం జక్రయ్య మాస్టారి జబ్బు. దర్శిలో ఆయన కాలనీ వాళ్ళు "బాగున్నారా మాస్టారూ?" అని అడగడం ఎప్పుడో మానేశారు. అడిగితే ఆయన సంగతి కాదు, ఆయన స్లాబు సంగతి వినాలి.

"రాత్రి పెచ్చు ఊడి సరాసరి ముక్కు మీద పడిందండీ" అంటారు పాలపాకెట్ కొంటూ. "గోడ బీటలో బల్లి కాపురం పెట్టింది. మొన్న దాని అత్తగారు కూడా దిగింది" అంటారు చర్చి మెట్ల మీద. ఒక పెళ్ళిలో పాస్టరుగారు "ఆమెన్" అనబోతుంటే, "మా పైకప్పు కోసం కూడా ఒక్క మాట!" అని లేచారు. ఎవరైనా ఇంటికొస్తానంటే మాత్రం, "వద్దయ్యా, మీద పడుతుంది" అనేవారు.

పక్కవీధి ఫెబా ప్రైవేటు స్కూల్లో టీచరు. స్టాఫ్ రూములో మాస్టార్ని అనుకరించి అందర్నీ నవ్వించేది. తన ఇంటికి మాత్రం ఎవర్నీ రానిచ్చేది కాదు. వాళ్ళ బాత్రూముకి తలుపు లేదు. పురుగుమందుల కంపెనీ పాత ఫ్లెక్సీ కట్టుకున్నారు. గాలి వేస్తే ఒక చేత్తో ఫ్లెక్సీ మీది మిరపకాయ బొమ్మని పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు పోసుకోవాలి.

ఒకరోజు తోటి టీచరు మహిమ చెప్పకుండా వచ్చింది. ఫెబా తల్లి పుల్లమ్మ స్నానం చేస్తోంది. ఫెళ్ళున ఫ్లెక్సీ లేచింది. "అయ్యో!" అంటూ పుల్లమ్మ గోడవైపు తిరిగి కూలబడింది. మహిమ చటుక్కున మొహం తిప్పుకుంది. ఫెబాకి చచ్చేంత సిగ్గేసింది.

కాలనీ పొదుపు సంఘం ఇళ్ళ మరమ్మతులకి తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. కానీ ఆదివారం మీటింగులో లేచి, ఏం పాడైందో అందరి ముందూ చెప్పాలి. ఫెబా రెండు ఆదివారాలు వెళ్ళి, నోరు పెగలక తిరిగొచ్చింది.

మూడో ఆదివారం మాస్టారు లేచారు. "మా బాత్రూము గోడ పడిపోయింది. నిన్న సబ్బు రాసుకుంటుంటే గేదె వచ్చి చూసింది."

"చూసి ఏమందండీ?" అన్నాడు సంఘం కార్యదర్శి కరుణాకర్.

"మొహం తిప్పుకుని పోయిందయ్యా!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఫెబా లేచింది. "మాకు అసలు తలుపే లేదండీ. ఫ్లెక్సీ కట్టుకున్నాం." కరుణాకర్ తలూపి రాసుకున్నాడు. అంతే, అయిపోయింది.

తలుపు పెట్టించాక ఫెబా స్వీట్లు పట్టుకుని, చెప్పకుండా మాస్టారింటికి వెళ్ళింది. గోడకి వెంట్రుకవాసి బీట లేదు. బాత్రూము నిండా తెల్లటి టైల్సు.

"మరి మీ అప్పేమైంది మాస్టారూ?"

"ఈయన తీసుకుంటేగా!" అంది మాస్టారి భార్య వంటింట్లోంచి. "ముందు ఈయన లేస్తారు. సిగ్గుపడేవాళ్ళు అడిగేశాక, నాది తర్వాత చూద్దాంలే అంటారు."

ఫెబా తలెత్తలేకపోయింది. "మాస్టారూ, నేను స్కూల్లో మిమ్మల్ని..."

"వెక్కిరిస్తావటగా, తెలుసు. నాకన్నా బాగా చేస్తావంటున్నారు." గొంతు తగ్గించారు. "అంకమ్మరావు ఇంటి రేకులు లేచిపోయి నెలైంది. నోరు మెదపడు. నా మాటలు జనానికి పాతబడ్డాయి. ఈసారి నువ్వు లేస్తావా?"

ఆదివారం అంకమ్మరావు వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నాడు. ఫెబా లేచి గొంతు సవరించుకుంది.

"మా పైకప్పు గురించి ఏం చెప్పమంటారండీ! వానొస్తే మా అమ్మ మంచం మీద గొడుగేసుకుంటుంది, నేను మంచం కింద దూరతాను. కిందికి కప్ప కూడా వస్తే మేం ముగ్గురం..."

హాలు గొల్లుమంది. వెనక బెంచీ కిర్రుమంది.