సొట్ట లేని తెల్ల కారు

సోమవారం పొద్దున పాల పాకెట్టు కోసం తలుపు తీస్తే, మెట్ల మీద పై వాటా భాయ్ కోడలు కూర్చుని ఉంది. "మామ పోయిండు, టీచరమ్మా. నమాజుకి లేపుదామని పోతే లేవలే," అంది. "టీ తాగుతావా?" అని అడిగాను. అదేం మాటో నాకే తెలియదు. ఆమె మాత్రం తాగుతానని లోపలికి వచ్చింది.

చిలకలగూడలో మేం ఉండే ఇంట్లో కింది వాటా నాది, పై వాటా వాళ్లది. పదకొండేళ్లుగా ఆయన నాకు భాయ్, నేను ఆయనకు టీచరమ్మను. పద్మారావు నగర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆదివారం చర్చికి వెళ్లడం, మిగతా రోజులు నాలుగు ట్యూషన్లు, అంతే నా లోకం. సాయంత్రం ఐదు దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే భాయ్ దిగుతున్నాడని అర్థం. నేను టీ నీళ్లు పొయ్యి మీద పెట్టేదాన్ని.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక మోటారు షెడ్డులో కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసేవాడు. ఆ షెడ్డు ఓనరుకి కారు పందేల పిచ్చి. ఊరి బయట ఖాళీ మైదానంలో సున్నంతో గుండ్రంగా గీత గీసి, మలుపుల్లో తారు పీపాలు నిలబెట్టి, అద్దాలూ బంపర్లూ పీకేసిన పాత కార్లను ఆ మట్టిలో పరిగెత్తించేవారట. ఆదివారం పందెం. సోమవారం ఆ కార్లన్నీ భాయ్ సుత్తి కిందికి వచ్చేవి. ఏ కారు ఎక్కడ గుద్దుకుందో డ్రైవరు కంటే ముందు ఈయన వేళ్లకే తెలిసేది.

ముసలితనంలో ఆ కార్లనే చిన్న బొమ్మలుగా చేయడం మొదలుపెట్టాడు. అసలు కారులో అడుగుకి ఈ కారులో అర అంగుళం. నూనె డబ్బాల రేకు, టైర్లకు పాత చెప్పుల రబ్బరు, సీటుకి చిరిగిన సంచి రెగ్జిన్. ఒక్కో కారుకి మూడు నాలుగు నెలలు పట్టేది. నేను తొందరపెడితే, "జల్దీ జేస్తే రేకు చినుగుతది టీచరమ్మా. మెల్లగ అడిగితే అదే వంగుతది," అనేవాడు. ట్యూషన్ పిల్లల మీద నేను కేకలు వేసినప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

రంగు వేసి, నంబరు రాసి, కారు తళతళలాడుతూ తయారయ్యాక భాయ్ అసలు పని షురూ అయ్యేది. వేలెడు సుత్తి తీసి, ఆ బంగారం లాంటి కారుకి సొట్ట పెట్టేవాడు. ఎక్కడ పడితే అక్కడ కాదు. ఆనాడు మైదానంలో ఆ కారుకి ఎక్కడ తగిలిందో సరిగ్గా అక్కడే. మొదటిసారి చూసినప్పుడు ఉండబట్టలేక, "ఇదేం పని భాయ్?" అంటే నవ్వి, "జిందగీ అంతా సొట్టలు తీసిన. గిప్పుడు పెడుతున్న. సొట్ట లేనిది షోరూం కారు, రేస్ కారు గాదు," అన్నాడు.

ప్రతి సొట్టకీ ఒక కథ ఉండేది. ఏది పీపా తగిలి పడిందో, ఏది మైదానం గోడ తగిలి పడిందో, ఎవరు ఎవరిని కావాలని గుద్దారో, అన్నీ నాకు చెప్పేవాడు. నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ "ఊఁ" కొట్టేదాన్ని. నిజం చెప్పాలంటే వినలేదు. ఒక మనిషి గొంతు ఇంట్లో వినపడుతోంది, నాకు అది చాలు అనిపించేది. ఆ గొంతు ఏం చెబుతోందో పట్టించుకోలేదు.

పోయిన ఏడాది నుంచి ఆయనకు మతిమరుపు వచ్చింది. ఒక సాయంత్రం నీలం రంగు కారు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. "దీనికి ఏడ తగిలింది టీచరమ్మా? పరేషాన్ అయితున్న. మీకు చెప్పిన గద, జెర యాద్ జెయ్యుండ్రి," అన్నాడు. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. తలెత్తకుండానే, "కుడి పక్క, వెనక చక్రం మీద," అన్నాను. ఆయన మొహం విప్పారింది. "గదే, గదే," అని అక్కడ సుత్తితో రెండు దెబ్బలు వేశాడు.

తెలియకపోతే తెలియదని చెప్పండిరా అని బడిలో పిల్లల్ని ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు. తర్వాత ఇంకో రెండు కార్లకు కూడా అలాగే చెప్పాను. నన్ను భయపెట్టింది మాత్రం వేరే. వారం తర్వాత భాయ్ నీలం కారు కథ కొత్తగా చెప్పాడు. వెనక నుంచి ఇంకో కారు వచ్చి కుడి చక్రం మీద గుద్దిందట, ఓనరు దిగి కొట్లాటకు పోయాడట. నేను చెప్పిన అబద్ధం మీద ఆయన ఒక ఆదివారాన్నే కట్టేశాడు. దాని కింద ఉన్న అసలు ఆదివారం ఏమైందో ఇక ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత పుస్తకాలు మూసి విన్నాను. అప్పటికి ఆయన దగ్గర మాటలు తగ్గిపోయాయి. చెప్పిందే చెప్పేవాడు, సగంలో ఆగిపోయేవాడు. చివరి కారు తెల్లది. దాని సంగతేంటి అని అడిగితే, "మీకు చెప్పిన గద," అన్నాడు. అప్పుడు వినలేదు భాయ్ అనడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం కోడలు ఆ తెల్ల కారును పాత తువ్వాలులో చుట్టి తెచ్చింది. సుత్తి కూడా తెచ్చింది. "దీన్ని ఖతం చెయ్యకుండనే పోయిండు. సొట్ట ఏడనో మీకు ఎరుకనట, టీచరమ్మకు అన్నీ యాద్ ఉంటయ్ అనేటోడు. జెర చెప్పుండ్రి. మా ఆయన సొట్ట కొడతా అన్నడు," అంది.

ముందు వైపు ఎడమ పక్క అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. చెబితే అయిపోయేది, ఆమె సంతోషంగా పైకి వెళ్లేది.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "ఆయన చెప్పినప్పుడు నేను వినలేదు. నీలం కారుకీ, తర్వాతి రెండింటికీ నోటికొచ్చింది చెప్పాను."

ఆమె సుత్తిని తువ్వాలు మీద పెట్టేసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"మేం సుత వినలే టీచరమ్మా," అంది. "మామ కార్ల ముచ్చట షురూ జేస్తే టీవీ సౌండ్ పెంచేటోళ్లం. అందుకే మీ తాన దిగొచ్చేటోడు."

కోడలు కారు మీద చెయ్యి వేసి ముందు నుంచి వెనక దాకా నిమిరింది. తర్వాత నేను నిమిరాను. రేకు ఎక్కడా చెయ్యి ఆగనంత నున్నగా ఉంది.