బొట్టు పెట్టిన డిస్కు

పలాసలో ఆ చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్ పెట్టింది నేనే. లినక్స్ వేసిందీ నేనే. రిపోర్టులన్నీ విడిగా ఒక డిస్కులో ఉండాలని ఏర్పాటు చేసిందీ నేనే. కాబట్టి ఎవరిమీదా ఎగరడానికి నాకు హక్కు లేదు. అయినా ఎగిరాను.

ఆ రోజు మా పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లాను. కవిటి వైపు ఊరు ఆవిడది. జీడిపిక్కలు కొట్టి కొట్టి, సొన తగిలి వేళ్లు నల్లబడిపోయాయి. ఇప్పుడు కిడ్నీ జబ్బు. మా బాబాయి దానితోనే పోయాడు. విశాఖలో డాక్టరు, "రక్తంలో క్రియాటినిన్ ఇప్పుడెంతని కాదమ్మా, ఇన్నేళ్లలో ఎలా పెరిగిందో చూడాలి. గబగబా పెరుగుతుంటే డయాలసిస్‌కి సిద్ధపడాలి. నెమ్మదిగా అయితే మందులతో లాగొచ్చు" అన్నాడు. ఇంట్లో కాగితాలన్నీ తుఫానులో నాని ముద్దయిపోయాయి. ఇద్దరి పరీక్షలూ ఈ ల్యాబ్‌లోనే చేయించారు కాబట్టి, మిగిలింది ఆ డిస్కొక్కటే. దానికి ఇంకో కాపీ లేదు. వచ్చే నెల తీస్తా, పై నెల తీస్తా అంటూ ఏళ్లు గడిపేశాను.

పిన్ని సంగతి తెలిశాక బుద్ధొచ్చింది. ముందు కాపీ, తర్వాతే మిగతా పని అనుకుని టెక్కలిలో కొత్త డిస్కు కొన్నాను. పాతదాని సైజే, పాతదాని కంపెనీయే. మూత తీసి, మిగతా డిస్కులకేసి చూడకుండానే ఖాళీగా ఉన్న ప్లగ్గులో తగిలించి, మూత పెట్టేసి మెషిన్ ఆన్ చేశాను. లినక్స్ డిస్కులను ప్లగ్గుల వరసలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పిలుస్తుంది. మొదటిది సిస్టమ్‌ది, రెండోది రిపోర్టులది. కొత్తగా వచ్చింది చివర కూర్చుంటుంది కదా, ఎస్‌డీసీయే కొత్తది అనుకున్నాను. మెషిన్ చూపించే డిస్కుల లిస్టు కూడా చూడలేదు. అంత పొగరు.

ఎస్‌డీసీని ఫార్మాట్ చెయ్యమని, అంటే అందులో ఉన్నదంతా తుడిచెయ్యమని కమాండ్ కొట్టాను. అది ఆగి, ఇందులో ఇప్పటికే ఫైల్ సిస్టమ్ ఉంది, అయినా కానిమ్మంటావా, వై కొట్టు లేదా ఎన్ కొట్టు అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫైల్ సిస్టమ్ ఉందంటే ఎవరో వాడిన డిస్కే. షాపువాడు దాన్ని కొత్తదని నాకు అంటగట్టాడన్నమాట! ఒక చేత్తో ఫోను తీశాను, రెండో చెయ్యి వై మీద ఉంది. కోపమొస్తే ముందు తిట్టాలి నాకు, తర్వాతే పని. షాపువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

"సీలు నువ్వే కదేటి బావా సింపావు?" అన్నాడతను. "నామీద అరిసే ముందు ఆ మెషిన్ ఏటి రాసిందో పూర్తిగా సదువు."

చదివాను. ఈ డిస్కు చివరిసారి ఏ ఫోల్డర్ కింద తెరుచుకుందో అక్కడే రాసి ఉంది. రిపోర్టుల ఫోల్డర్. ఆ పేరు పెట్టింది నేనే. ఎన్ నొక్కాను. బయట బల్ల మీద పిన్ని కూర్చుని మజ్జిగ తాగుతోంది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని లోపలికి కేకేశాను. ల్యాబ్ చూసుకునే ఆవిడ నాకు వరసకి వదిన.

"నానే. దసరాకి మూతిప్పి, వైర్లు పీకి, అంతా తుడిసి, డిస్కులకి పసుపు రాసి బొట్టెట్టినాను. మళ్లీ తగిలించినాను. ఇన్నాళ్లూ పని సేసింది కదా?"

చేసింది, నిజమే. కాకపోతే తగిలించేటప్పుడు ఒక వైరు పక్క ప్లగ్గులోకి మారింది. మధ్యలో ఖాళీ మిగిలింది. ఉన్నవి రెండే డిస్కులు కాబట్టి ఇన్నాళ్లూ రిపోర్టులదే రెండోదిగా నడిచింది. ఆ ఖాళీలో నేను కొత్త డిస్కు పెట్టేసరికి అది రెండోదైంది, రిపోర్టులది మూడోదైంది.

"బుర్రుందా వదినా నీకు?"

"నా బుర్రకేటి గానీ, మూతిప్పి సూడు. బొట్టున్నది పాతది. దసరాకి నీ కొత్తది నేదు కదా."

ఇప్పాను. కుంకుమ కింద పాతదాని సీరియల్ నంబరు కనబడనే లేదు. బొట్టు లేనిదాని నంబరు రాసుకుని లిస్టుతో పోల్చాను. ఎస్‌డీబీ. ఇదంతా నా బద్ధకం వల్లే. మెషిన్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్లో వరస పేరు కాకుండా డిస్కుకి ఎప్పటికీ మారని ఐడీ రాసి ఉంటే, ఆవిడ వైర్లు ఎటు తిప్పినా పాత డిస్కు వాడుకలోనే ఉండేది, వాడుకలో ఉన్నదాన్ని ఫార్మాట్ చెయ్యనని మెషినే మొండికేసేది. ఆ ఐడీ రాశాను. కొత్తదాన్ని ఫార్మాట్ చేసి కాపీ తీశాను.

"తప్పు నాదే వదినా" అన్నాను.

"తెలుసులే" అంది.

పిన్ని రిపోర్టు ప్రింటు తీసి చేతికిచ్చాను. ఏడేళ్ల అంకెలు. ఒకటి పాయింట్ నాలుగు దగ్గర మొదలై ఇప్పుడు రెండు దాటింది.

"మీ బాబాయివి కూడా ఉన్నాయేటి అందులో?" అంది.

ఉన్నాయి. అవీ ఆ డిస్కులోనే. ఆయనవి రెండేళ్లకే తొమ్మిది దాటి, అక్కడితో ఆగిపోయాయి. ఇవ్వనా వద్దా అనుకుంటూనే ఇచ్చాను.

రెండు కాగితాలూ ఒళ్లో పక్కపక్కన పరుచుకుంది. నల్లటి వేలితో ఒక్కో వరసా దిగుతూ చూసింది.

"ఆయనకంటే నాను నెమ్మదిగా ఎల్తన్నాను కదరా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అవును పిన్నీ అన్నాను. తన కాగితం డాక్టరుకని నాకిచ్చి, బాబాయిది మడిచి సంచిలో పెట్టుకుంది.