అత్తయ్య వెనక స్టూలు

మా మేనత్తను బజారంతా మైకత్త అనేవారు. ధాన్యం మార్కెట్లో వేలం పాటకు ధరలు పిలిచేది ఆవిడే. మైకు పెట్టిస్తామని వ్యాపారులంటే, "నాకెందుకూ, మీ చెవుల్లో దూది పెట్టుకోండి" అందట. ఆ గొంతును చివరికి అక్కడి దుమ్మే మింగేసింది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, నాలుగు మాటలకే రొప్పు వచ్చేది.

దానివల్ల లాభపడింది మా మావయ్య ఒక్కడే. అత్తయ్య "మీకసలు..." అని మొదలుపెట్టి ఊపిరి కోసం ఆగేది. మిగతా తిట్టు వచ్చేలోపు ఆయన వీధి మలుపు దాటేసేవాడు. అలాగని ఆయన ఆవిణ్ణి వదిలేసే రకం కాదు. ఆవిడ గడప దాటితే చాలు, ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని వెనకే బయల్దేరేవాడు. ఆవిడ ఆగిన చోటల్లా స్టూలు సిద్ధం. పెళ్ళినాడు కూడా ఇంత దగ్గరగా నడిచి ఉండరని నేను ఏడిపించేదాన్ని.

పెద్దాసుపత్రిలో ఈ జబ్బుకు కొత్త పరికరం పరీక్షిస్తున్నారని తెలిసి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాన్ని అరచేతిలో పెట్టి చూపించింది. కాగితాలకు పెట్టే క్లిప్పంత లోహపు చుట్ట! గజ్జల పైన ధమనికీ సిరకూ మధ్య అమరుస్తారట. మంచి రక్తం కొంత అడ్డదారిన సిరలోకి పోయి, మళ్ళీ ఊపిరితిత్తులకు చేరి, ఇంకాస్త ప్రాణవాయువు తెచ్చుకుంటుందట.

"ఊపిరితిత్తులు బాగుపడవమ్మా. ఇది పనిచేస్తుందో లేదో చూడ్డానికే ఈ పరీక్ష. కాలు వాయొచ్చు కూడా" అని ఆవిడ దాచకుండా చెప్పింది.

"పోయేదేముంది," అంది అత్తయ్య. ఆగి గాలి పీల్చుకుంది. "ఉన్న... ఊపిరేగా!"

పరికరం అమర్చాక అన్నట్టే కాలు వాచింది, తర్వాత తగ్గింది. అమర్చిన చోట చెయ్యి పెడితే లోపల సన్నగా గుర్రుమనేది, పిల్లి పడుకున్నట్టు. మావయ్య రోజూ చెవి ఆనించి వినేవాడు. కొన్ని వారాలకు నడక పరీక్షకు రమ్మన్నారు.

పొడుగాటి వరండాకు ఆ చివరొకటి, ఈ చివరొకటి నారింజరంగు గుర్తులు. ఆరు నిమిషాలు వాటి మధ్య నడవాలి. మాట్లాడకూడదు, తోడు రాకూడదు. పరికరం పెట్టకముందు ఇదే నడకలో అత్తయ్య సగంలో కూలబడింది. ఇదీ తప్పితే ఇంకో దారి లేదని మా ముగ్గురికీ తెలుసు.

అత్తయ్య నడిచింది. క్రితంసారి కూలబడిన చోటు దాటేసింది! నాకు కేక వెయ్యాలనిపించింది. మావయ్యకు మాత్రం భయం ఆగలేదు. మునివేళ్ళ మీద స్టూలుతో సహా వెనకాలే వెళ్ళాడు. అత్తయ్య గుర్తు దగ్గర గిర్రున తిరిగింది, మోకాలు స్టూలుకు కొట్టుకుంది.

"మీకసలు బుద్ధుందా అండీ, రావద్దని డాక్టరమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినకుండా ఈ దిక్కుమాలిన స్టూలేసుకుని దొంగలా నా వెనక పడ్డారు, నా నడుం విరిగితే మీకెవరు చేస్తారు చాకిరీ!"

ఒక్క ఊపిరిలో! మధ్యలో ఎక్కడా ఆగలేదు! మావయ్య పారిపోవడం కూడా మర్చిపోయాడు. కళ్ళనిండా నీళ్ళతో, "ఇంకోసారి తిట్టవే" అన్నాడు.

గడియారం పట్టుకున్న అమ్మాయి నవ్వాపుకోలేక, "మాట్లాడారుగా, ఇది చెల్లదండీ. తిట్లు రాసుకోడానికి మా ఫారంలో గడి లేదు" అంది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ మొదలుపెట్టించింది. ఈసారి మావయ్యను, స్టూలును గదిలో పెట్టి తలుపేశాం. అత్తయ్య ఆఖరి నిమిషం దాకా కూర్చోలేదు. నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఇంటికి నడిచే వస్తానంది. బజారు ఎత్తు ఎక్కుతూ ముందు ఆవిడ, ఆవిడ వెనక మేము. ఉన్నట్టుండి ఆగింది. మావయ్య పరుగున వచ్చి స్టూలు వేశాడు, ఆయాసపడుతూ.

"నాకు కాదు. మీరు కూర్చోండి."

"నేనా? నాకేం..."

"ఒకటోసారి!" అంది అత్తయ్య, పాత వేలం గొంతుతో. కొట్లలోంచి తలలు బయటికి వచ్చాయి. "రెండోసారి!"

మూడోసారి అనకముందే మావయ్య కూర్చున్నాడు.