పైడితల్లి పేరు మీద కన్నం

పొద్దున్నుంచీ ఇల్లంతా కాగిన ఆయిలు వాసన. వాకిట్లో నాన్న మోటారు సైకిలు స్టాండు మీద నిలబడి ఉంది. కొత్తగా కట్టిన ఇంజను రెండు నిమిషాలు ఆడేసరికి పైనున్న హెడ్డు భగభగలాడిపోతోంది, వేసిన రంగు కమురుతోంది, లోపల్నుంచి టకటకమని ఎండు చప్పుడు వస్తోంది. గబుక్కున ఆపేస్తున్నాం, చల్లారాక మళ్ళీ కిక్కు కొడుతున్నాం. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మానికీ బండికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆ కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

బండి ముందు ముక్కాలిపీట వేసుక్కూర్చున్నది సూరిమావ, మా అమ్మకు తమ్ముడు. నా పోరు పడలేక, అత్తను వెంటబెట్టుకుని సాలూరులో బస్సెక్కి శ్రీకాకుళం వచ్చి, నాలుగు రోజులుగా మా వాకిట్లో ఈ ఇంజను విప్పి కట్టాడు. నలభై ఏళ్ళ తరవాత ఆయన చెయ్యి పెట్టిన మొదటి ఇంజను ఇది. నలభై ఏళ్ళ కిందట ఆయన కట్టిన ఆఖరి ఇంజనూ ఇదే. అప్పుడూ ఇలాగే పైకి ఆయిలు ఎక్కలేదు. అప్పుడు ఎందుకు ఎక్కలేదో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు, తెలిసీ నోరు విప్పలేదు.

"పంపు బాగానే ఉన్నాది గుంటా. గొట్టాలు ఊది సూసినాను, గాలి దూసుకుపోతన్నాది. మరి పైకెందుకు ఎక్కదో తెల్డం నేదు," అన్నాడు, హెడ్డు మూత విప్పి లోపల వేలు పెట్టి పొడిగా ఉన్న ఆ వేలిని నాకు చూపిస్తూ. మా వైపు గుంట అంటే చిన్నపిల్ల. నాకు యాభై దాటినా ఆయన పిలుపు మారలేదు.

ఆ పిలుపు వింటే చాలు, నేను విజయనగరంలో అమ్మమ్మ వాళ్ళ వీధిలోకి వెళ్ళి పడతాను. వీధి చివర రేకుల షెడ్డు, దాని ముందు ఆయిలు తాగి తాగి నల్లబడిన నేల, వేసవిలో ఆ నేల మీద కాలు పెడితే చురుక్కుమనేది, తొలకరి పడిందా, నీళ్ళ మీద ఆయిలు తెట్టు రంగురంగులుగా విచ్చుకునేది, దాన్ని పుల్లతో కదుపుతూ మేము గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. మావ పారేసిన వాషర్లు మాకు తొక్కుడుబిళ్ళలు, అరిగిన బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుళ్ళు గోళీలు. సెలవుల్లో జీడిమామిడి పళ్ళు తిని గొంతు గరగరలాడుతుంటే, పెదాలకంటిన తాటి ముంజెల నీరు గౌను అంచుతో తుడుచుకుంటూ, నేను ఆ షెడ్డులోనే పడి ఉండేదాన్ని. ఆడపిల్లకు ఆ మసి పనేమిటని అందరూ తిట్టేవాళ్ళు, నేను వినే రకం కాదు.

మా తాత ఎడ్లబండికి కందెన వేసేవాడు. కాల్చిన గడ్డి బూడిద ఆముదంలో కలిపి, ఎద్దు కొమ్ములో నింపి, బండి కింద వేలాడదీసుకునేవాడు. చక్రం కిర్రుమంటే చాలు, దారిలో ఎక్కడైనా సరే ఆపి, ఇరుసుకు కాస్త పూసి, పసిబిడ్డకు పాలు పట్టినంత శ్రద్ధగా చూసుకునేవాడు. సూరిమావకు ఆ గుణమే వచ్చింది. ఇంజను ఆడుతుంటే స్క్రూడ్రైవరు మొన ఇంజను కేసుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. పాత ఆయిలు రెండు వేళ్ళ మధ్య రాపిడి చేసి, ఎండకు పట్టి మెరుపు చూసి, లోపల ఏది అరుగుతోందో చెప్పేసేవాడు. ఆయన అన్నం తినేటప్పుడు కూడా రోడ్డు మీద పోయే బళ్ళ చప్పుడు వింటూనే ఉండేవాడు, అమ్మమ్మ రెండోసారి చారు పోసిందో లేదో కూడా ఆయనకు తెలిసేది కాదు.

ఇంజను మూతకూ కేసుకూ మధ్య ఆయిలు కారకుండా వేసే ప్యాకింగు అప్పట్లో మా ఊళ్ళో అన్ని బళ్ళకూ దొరికేది కాదు. సూరిమావ శుభలేఖలతో కోసేవాడు. ఆ రోజుల్లో శుభలేఖ అంటే అట్టలాంటి కార్డు, నాలుగు మూలలా పసుపు. కార్డును కేసు మీద పరిచి, చిన్న సుత్తి గుండుతో అంచు వెంట టిక్కు టిక్కుమని తడితే, కేసు అంచే కత్తెరలా కార్డును కోసేది. కన్నాలు పెట్టడం నా వంతు. కార్డు కింద కేసుకున్న కన్నం మీద ఉక్కు గుండు పెట్టి పైన ఒక్క దెబ్బ వేస్తే, గుండ్రటి ముక్క లోపలికి రాలి పడేది. పెద్ద కన్నానికి పెద్ద గుండు, చిన్న కన్నానికి చిన్న గుండు. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు మహా గర్వం.

ఇది చూసినప్పుడల్లా అమ్మమ్మ గొడవ చేసేది. "ఒసే గుంటా, పసుపు రాసిన కాయితం లచ్చిందేవే! పేరున్న సోట కన్నం పెట్టీకే, ఆ మనిసికి మంచిది కాదు." మావ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, కానీ ఆ మాట నాలో ఎక్కడో కూర్చుండిపోయింది.

నాకు తొమ్మిదో ఏట సూరిమావ పెళ్ళి కుదిరింది. ప్రెస్సువాళ్ళు కొన్ని కార్డుల్లో ముహూర్తం తప్పు వేశారు, ఆ కార్డులు షెడ్డుకు చేరాయి. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు, ఊళ్ళమ్మట ఈ బండి మీదే తిరిగేవాడు, బంధువులకు శుభలేఖలు పంచే పని కూడా తనే నెత్తిన వేసుకున్నాడు. అందుకని మావ రాత్రీ పగలూ కూర్చుని ఇంజను పూర్తిగా విప్పి కట్టాడు. ఇంట్లో అరిసెల పాకం వాసన, సున్నుండల కోసం వేయించిన మినుముల వాసన, అమ్మలక్కల కేకలు. నేను షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని, ఇంజను పక్కనుండే టైమింగు మూతకు మావ కోసి ఇచ్చిన ప్యాకింగుకు కన్నాలు పెడుతున్నాను. బోల్టు కన్నాలన్నీ అయిపోయాయి. మిగిలింది ఒకటే, బఠాణీ గింజంత చిన్నది, పంపు నుంచి ఆయిలు పైకి వెళ్ళే దారి. గుండు పెట్టబోతూ చూశాను. సరిగ్గా ఆ చోట, ఎర్రటి అక్షరాల్లో, 'చి.ల.సౌ. పైడితల్లి'.

నేను ఇంకా చూడని మా అత్త పేరు, మా ఊరి అమ్మవారి పేరు కూడా. అమ్మవారి జాతరలో సిరిమాను ఊరేగుతుంటే నాన్న భుజాల మీద కూర్చుని అరటిపళ్ళు విసిరిన పిల్లను నేను. నా చెయ్యి లేవలేదు. ఇంత చిన్న కన్నం లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. మావ వచ్చి, రెండు వైపులా గ్రీజు పూసి, మూత బిగించేశాడు. నా పని మీద ఆయనకు అంత నమ్మకం.

చీపురుపల్లి దాటాక ఇంజను పట్టేసింది. చక్రం బిగుసుకుపోయి నాన్న ఎగిరి పడ్డాడు, భుజం ఎముక విరిగింది, శుభలేఖలన్నీ రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. మావ మూత ఊడబెరికితే ప్యాకింగు ముక్కలైపోయి కేసుకు అంటుకుపోయింది, ఆయన దాన్ని గీకి పారేసి, ఆయిలు ఎక్కకపోవడానికి కారణం వెతుక్కుంటూ రెండు రోజులు పిచ్చివాడిలా కూర్చున్నాడు. పెళ్ళిలో కాళ్ళకు దణ్ణం పెట్టడానికి వంగిన మావతో, విరిగిన భుజానికి కట్టుతో ఉన్న నాన్న, నలుగురూ వింటుండగా అన్నాడు: "ఒరే సూరీ, నీ సేతిలో ఏదీ నిలవదురా. మా గుంటనైనా ఆ సెడ్డుకి రానీకు." ఆ నెలలోనే మావ షెడ్డు మూసి, సాలూరు వెళ్ళి, లారీ ఆఫీసులో సరుకు బుకింగు రాసే పనిలో చేరిపోయాడు. పెళ్ళిలో నాన్న ఆ మాట అన్నప్పుడు నేను స్తంభం చాటున నిలబడి సున్నుండ తింటున్నాను.

ఇదంతా ఈ పొద్దున బండి చుట్టూ తిరుగుతూ నాలో నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చివరకు మావ గుడ్డతో చేతులు తుడుచుకుని లేచాడు.

"నాలుగు గంటల బస్సుకి ఎల్లిపోతాను. మీ నాన్న నిజమే సెప్పినాడు. తప్పు బండిలో నేదు, నా సేతిలో ఉన్నాది."

"మావా, ప్యాకింగు సూడు," అన్నాను. అక్కడితో ఆగలేదు, కార్డు, కన్నం, పేరు, అన్నీ చెప్పేశాను. అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తున్న పైడితల్లత్త చేతులు ఆగిపోయాయి.

"నా పేరు కోసమేటే!" అంది.

మావ గేటు దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చాక తిట్టలేదు, తిడితే బాగుండేది. "మీ నాన్న ఉన్నప్పుడు సెప్పలేకపోనావా గుంటా," అన్నాడు అంతే. నాన్న పోయి ఆరేళ్ళయింది. నాకు సిగ్గుగా ఉంది, ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడూ సిగ్గుగానే ఉంది.

టైమింగు మూత విప్పాడు. కొట్లో తెచ్చిన ప్యాకింగు వేరే రకం బండిది, ఆయిలు కన్నం వేలి వెడల్పంత పక్కకు ఉంది, దారి మూసుకుపోయింది. బోల్టు కన్నాలు సరిపోయాయని ఆయనా నేనూ దాన్ని పట్టించుకోలేదు. కొత్తది కొయ్యాలంటే ఇంట్లో గట్టి కార్డు లేదు. పెళ్ళి పిలుపులన్నీ ఫోనులో వస్తున్నాయి, సన్నాయి మోగుతుంది, పూలు రాలతాయి, కన్నం పెట్టడానికి ఏమీ ఉండదు. నేను లోపలికి వెళ్ళి పెట్టె అడుగునుంచి, ముహూర్తం తప్పుపడ్డ ఆ పాత కార్డుల్లో మిగిలినదాన్ని తెచ్చాను. ఎందుకు దాచానో నాకూ తెలియదు, పారేయడానికి భయమేసి ఉంటుంది.

మావ కార్డు పరిచి, అంచు వెంట టిక్కు టిక్కుమని తట్టాడు. పని వదిలేశానన్న మనిషి తుప్పు పట్టిన ఆ గుళ్ళ డబ్బా మాత్రం సాలూరు నుంచి తెచ్చుకున్నాడు. అందులోంచి చిన్న గుండు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఈసారి ఎవల పేరున్నా కొట్టీ."

అత్త వంగి చూసి, "కొట్టీయే, నాకేటవుతాది," అంది. కొట్టాను, రాలిన ముక్కను చేతిలోకి తీసుకున్నాను.

మూత బిగించి కిక్కు కొట్టాక, తెరిచి ఉన్న హెడ్డులో మొదట ఒక బుడగ, తరవాత సన్నటి ధార. మావ వేలు ముంచి, వాసన చూసి, తల తిప్పేసుకున్నాడు. కాసేపటికి హెడ్డు మూసి, ఒక చుట్టు తిప్పి చూస్తానని అత్తను వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. విజయనగరంలో ఆ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు, కందెన కొమ్ము ఎవరి ఇంట్లోనూ లేదు, పేరు మీద చెయ్యి పెడితే అదిలించే అమ్మమ్మ లేదు. అరచేతిలో ఎర్ర అక్షరం ఉన్న గుండ్రటి ముక్క పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. చప్పుడు నాగావళి వంతెన వైపు వెళ్ళి, పల్చబడి, ఆగిపోయింది. చాలాసేపటికి మళ్ళీ వినిపించింది, దగ్గరవుతూ, ఎక్కడా తడబడకుండా. ఆ చప్పుడు వినవలసిన మనిషి మాత్రం లేడు.