నాలుగు గీతల మీద చీపురుపుల్ల

దయ్యాలంటే నాకు ఏనాడూ లెక్కలేదు. శ్మశానం పక్కన ఇల్లు అద్దెకు తీసుకుని ఆరేళ్ళు హాయిగా నిద్రపోయినవాణ్ణి. నేను నమ్మిందల్లా హైడ్రోజన్ గీతల్నే. డెబ్బైల్లో మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎన్నెమ్మార్ చార్టు, అంటే ఒక పదార్థంలో హైడ్రోజన్లు ఎలా అమరాయో గీతల్లో చూపే కాగితం, చదవగలిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. బెంగుళూరు వాళ్ళు కూడా చిక్కు పడితే నాకే పంపేవాళ్ళు.

కొంచెం సాగదీశాను. బెంగుళూరు వాళ్ళు నాకేమీ పంపలేదు, నేనే వాళ్ళకు పంపేవాణ్ణి. ఆ చార్టు తీసే యంత్రాన్ని ఒకే ఒక్కసారి, అద్దం తలుపు బయట నిలబడి చూశాను. ‘నేనొక్కణ్ణే’ అన్నదీ నిజం కాదు. రెడ్డెప్ప ఉండేవాడు.

రెడ్డెప్పది పుంగనూరు. మా కాలేజీలో మేమిద్దరం కెమిస్ట్రీలో తాత్కాలికంగా పనిచేసేవాళ్ళం. పర్మినెంటు పోస్టు ఒక్కటే ఉంది. అది ఇద్దరిలో ఎవరికో హెడ్డు గారు తేల్చాలి.

పుంగనూరు గుట్టల్లో దొరికే ఒక ముళ్ళపొద వేరు నుంచి రెడ్డెప్ప మూడు ఎండాకాలాలు కష్టపడి చిటికెడు తెల్లటి పొడి తీశాడు. అందులో సగం బెంగుళూరుకు పంపితే చార్టు వచ్చింది. దాన్ని విడమరిచి చెప్పగలిగితే పోస్టు అతనిదే.

చార్టు చదవడమంటే ఇరుగుపొరుగు లెక్క. ఒక హైడ్రోజన్‌కు పక్కన మరొకటి ఉంటే దాని గీత రెండుగా చీలుతుంది. దాన్ని డబ్లెట్ అంటాం. పక్కన ఒకే రకానివి మూడుంటే నాలుగు గీతలవుతాయి, సందులన్నీ సమానంగా ఉంటాయి. పక్కన రెండే ఉండి, ఆ రెండూ వేరువేరుగా లాగుతున్నా నాలుగు గీతలే వస్తాయి. కాకపోతే అప్పుడు మొదటి సందు, చివరి సందు సమానం, నడిమిది వేరు. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కొలిస్తేనే తేడా తెలుస్తుంది.

అందరం స్కేలుతో కొలిచేవాళ్ళం. రెడ్డెప్ప మాత్రం టెంకాయ చీపురుపుల్ల పెట్టి, ఒక్కో గీత దగ్గర బొటనవేలి గోటితో నొక్కేవాడు. తర్వాత పుల్లను జరుపుతూ ఏ సందు ఏ సందుతో సరిపోతుందో చూసేవాడు. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి ఆ గోరు నిలువునా చీలింది. అందుకే అతని ప్రతి గాటూ రెండు ముక్కలుగా పడేది. అది చూసి నేనే అతనికి ‘డబ్లెట్’ అని పేరు పెట్టాను. పిల్లకాయలు కూడా వెనకనుంచి అలాగే పిలిచేవాళ్ళు.

సెమినార్ పొద్దున పది గంటలకు. రెడ్డెప్ప చార్టు గోడకు అంటించి, పుల్ల పట్టుకుని నా వైపే తిరిగాడు.

“అన్నా, నువ్వే సూడు. ఈ కొసన సందు, ఆ కొసన సందు ఒకటే. నడిమిది యేరే. పక్కన ఉండేది ఇద్దరే, ముగ్గురు కాదు. నువ్వొక్క మాట సెప్తే సాలు.”

హెడ్డు గారు నన్ను చూశారు. అది ముగ్గురి గుంపేనని, నడిమి సందు తేడా ద్రావకం సరిగా ఆరక మిగిలిన మురికి వల్లేనని నాకు అనిపించింది. అనిపించిందే చెప్పాను. ఆపైన ఊరుకోకుండా, “పరకపుల్లతో కొలిస్తే కసువూ చెత్తే కనపడతాదప్పా, డబ్లెట్టూ” అన్నాను. గది గదంతా నవ్వింది. హెడ్డు గారూ నవ్వారు.

పన్నెండున్నరకు ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాను. వచ్చేసరికి రెడ్డెప్ప సింకు దగ్గర సీసా కడుగుతున్నాడు. మిగిలిన సగం పొడి నీళ్ళతోపాటు పోయింది. నా వైపు చూడలేదు.

పోస్టు నాకొచ్చింది. అతను కుప్పంలో ఒక ట్యుటోరియల్‌లో పదో తరగతి తప్పినవాళ్ళకు పాఠాలు చెప్పుకోడానికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకు కామెర్లతో చనిపోయాడు. నేను వెళ్ళాను. ఇది ముఖ్యం కాబట్టి రాస్తున్నాను: శవాన్ని దగ్గరగా చూశాను. కలిపి కట్టిన చేతి బొటనవేళ్ళలో చీలిన గోరు చూశాను. నా చేత్తో మట్టి వేశాను.

ఆ తర్వాత నేను చేసిన పని మెచ్చుకోదగ్గది కాదు. పుంగనూరు పోయి అదే పొద వేరు తవ్వించి తెచ్చి, అదే పొడి తీసి, నా పేరుతో బెంగుళూరుకు పంపాను. ఈసారి గీతల్ని సాగదీసి, విడివిడిగా కనబడేట్టు తీయమని రాశాను.

చార్టు ఒక రేకు గొట్టంలో వచ్చింది. మూత మీద లక్క సీలు. పదకొండు గంటల వేళ, హెడ్డు గారి బల్ల మీద, అటెండరు బాషా దాన్ని పగలగొట్టాడు. చుట్ట విప్పుతుంటే లోపలినుంచి ఒక చీపురుపుల్ల జారి పడింది.

“యాడిదప్పా ఇది?” అన్నారు హెడ్డు గారు.

బాషా దాన్ని తీసి వెలుగుకు పట్టి చూశాడు. నాలుగు గాట్లు. ఒక్కోటీ రెండు ముక్కలు.

“రెడ్డెప్ప సారు పుల్ల సార్ ఇది” అన్నాడు.

పాత పుల్ల ఏదో ఎలాగో అందులో పడిందని నేనూ అనుకుందును. కానీ కొత్త చార్టు సాగదీసింది. పాత చార్టు గాట్లు దీని గీతలకు సరిపోవు. ఈ పుల్లను గీతల మీద పెట్టాను. నాలుగు గాట్లూ నాలుగు గీతల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. మొదటి సందు, చివరి సందు సమానం. నడిమిది వేరు. ఇద్దరే. ముగ్గురు కాదు.

బెంగుళూరుకు ఉత్తరం రాశాను. చార్టు యంత్రం నుంచి తీసి నేరుగా గొట్టంలో పెట్టి సీలు వేశామని, పుల్ల సంగతి తమకు తెలియదని జవాబిచ్చారు. అక్కడ ఎవరికీ రెడ్డెప్ప పేరు కూడా తెలియదు.

థీసిస్‌లో ఆ నాలుగు గీతలూ పక్కనున్న రెండు హైడ్రోజన్ల పనేనని రాశాను. డాక్టరేటు వచ్చింది. అందులో రెడ్డెప్ప పేరు ఎక్కడా లేదు. చార్టు కాగితం పసుపుపచ్చగా మారి గీతలు వెలిసిపోయాయి. పుల్ల నా బీరువాలో అలాగే ఉంది. విరిచేద్దామని రెండుసార్లు తీశాను, చేతులు రాలేదు. సీలు వేసిన గొట్టంలోకి, పుట్టి రెండు రోజులు కూడా కాని చార్టు కొలత పట్టుకుని, చనిపోయినవాడి గోటిగాట్లు ఎలా వచ్చాయో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇంతవరకు రాసి మా సరోజకు చదవమని ఇచ్చాను. నా భార్య, మేనమామ కూతురు. అందుకే ‘మీరు’ అనే మర్యాద నాకు ఎన్నడూ దక్కలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆఖరి దాకా చదివి, కాగితాలు బల్ల మీద పెట్టింది.

“ఆ పుల్ల యెట్లొచ్చిందో నాకు తెల్దు. అయితే ముగ్గురని నీకు అనిపించిందని రాసినావే, అది అబద్దం. ఆ పొద్దు మధ్యాన్నం ఇంటికొచ్చి సంగటి తింటా, ‘రెడ్డెప్ప కొలిచిందే సరి సరోజా, చార్టు గోడకు అంటించినప్పుడే నాకు తెలిసిపాయ’ అని నవ్వింది నువ్వు కాదా? నవ్వి, ఇంకో ముద్ద పెట్టమంటివి.”