బొంత కుట్టు, కడుపు కుట్టు

కడుపు కోసి బిడ్డను తీయాల్సి వస్తే, కాబోయే తల్లులకు నేను మొట్టమొదట చెప్పేది ఒకటే: నవ్వించే మనుషులను నెల రోజులపాటు గడప తొక్కనివ్వకండి. మందులూ మాత్రలూ డాక్టర్లు చెప్తారు గానీ ఈ సంగతి ఒక్కరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. చెప్పినా లాభం లేదనుకోండి, నన్ను నవ్వించి చంపిన మనిషి గడప లోపలే ఉండేది. మా అత్తగారు.

ఆవిడ జన్మలో నవ్వి ఎరగదు. తను నవ్వదు, ఎదుటివాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. అదే వచ్చిన చిక్కు.

అరవైల మొదట్లో మాట. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అందుకే తొలి కాన్పు కూడా జహీరాబాదులో అత్తగారింట్లోనే. రెండు రోజులు నొప్పులు పడ్డాను. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. మా ఆయన బజారుకు పరుగెత్తి, దొరికిన అల్లం లారీని ఆపుకొచ్చాడు. బస్తాలు దించే తీరిక ఎవరికుంది? వాటి మీదే పడుకోబెట్టి బీదర్ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ నా నాడి కంటే ముందు తన ముక్కు పట్టుకుంది.

మెలకువ వచ్చేసరికి పక్కన ఆడపిల్ల. ఎదురుగా డాక్టరమ్మతో మా అత్తగారి తగాదా.

అత్తగారి చేతి బొంతలంటే వాడంతా పేరు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి దగ్గరదగ్గరగా కుట్టేది. కుట్టు విషయంలో ఇంకొకరిని నమ్మేది కాదు.

"నేను కుట్టిన బొంత ఇరవై ఏండ్లైనా చినగదు. మీ కుట్టు ఎన్నేండ్లొస్తది?"

"నూరేళ్ళు వస్తుందమ్మా," అని డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నా తల్లే! కడుపులో ఎవరో కొడవలి తిప్పినట్టయింది. నవ్వొచ్చినా దగ్గొచ్చినా దిండు కడుపుకు అదిమి పట్టుకోవాలని అప్పుడు నర్సు నేర్పింది. మీరూ ఆ దిండు వదలకండి.

ఎనిమిదో రోజు కుట్లు విప్పడానికి నర్సు కత్తెర తెచ్చింది. అత్తగారు ఆమె మణికట్టు పట్టేసుకుంది.

"ఏందమ్మా గిది? కుట్టి మళ్ళ ఊడదీస్తరా? బొంత కుట్టినంక దారం గుంజుకుంటరా ఎవరన్న?"

చర్మం అతుక్కుందని ఎంత చెప్పినా వినలేదు. దారం మిగుల్చుకుంటున్నారని ఆవిడ అనుమానం. నేను దిండు కోసం తడుముకుంటున్నాను.

ఇంటికొచ్చాక మామగారి పాత ధోవతి తీసి నా నడుముకు ఏడు చుట్లు బిగించింది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు మాన్పించింది. ఆ మాట నమ్మకండి, పప్పు తినండి. పాలు పడాలి కదా! నేను దొంగతనంగా తిన్నాను, ఏమీ కాలేదు.

"జర పైలం పిల్లా. తుమ్మొస్తే ముందుగల్ల జెప్పు, నేనొచ్చి పట్టుకుంట," అనేది.

తుమ్ము చెప్పి వస్తుందా? ఓ పొద్దున రానే వచ్చింది. రొట్టెలు చేస్తున్న మనిషి జొన్నపిండి చేతులతోనే ఉరికొచ్చి నా కడుపు పట్టుకుంది. ధోవతి మీద రెండు అరచేతుల అచ్చులు పడ్డాయి. వాటిని చూసినప్పుడల్లా నవ్వు, నవ్వినప్పుడల్లా ఏడుపు.

మా వైపు ఇరవై ఒకటో రోజున బాలింత బావికి పూజ చేసి, నీళ్ళు చేది, బిందెతో ఇంటికి రావాలి. అప్పుడే పురుడు తీరినట్టు. ఆ పొద్దున పక్కింటావిడ వచ్చి బుగ్గన చేయి పెట్టుకుంది.

"కన్నోళ్ళకు గదా అక్కా బావి పూజ? ఈమె ఏడ కన్నది? కోసి తీసిన్రు."

నాకు కోపం నషాళానికంటింది. రెండు రోజులు నొప్పులు పడ్డది నేను కాకపోతే అల్లం బస్తాలా? కానీ నాకూ లోపల అదే బెంగ. అందరిలా కనలేదు, నేను పూర్తి తల్లినేనా అని. అత్తగారు కూడా పూజ వద్దంటే ఆ మాట జన్మంతా నా నెత్తిన ఉండిపోతుంది. ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ పసుపు కుంకుమల పళ్ళెం తీసి, "నడువుర్రి ఇద్దరు," అంది నాతోనూ పక్కింటావిడతోనూ.

బావి దగ్గర పూజయింది. చేద లోపలికి వదిలారు. "తాడు మీద ఒక్క వేలు పెట్టు. రెండోది పెడితివో, జూడు మళ్ళ," అని నాతో చెప్పి పక్కింటావిడ వైపు తిరిగింది. "నువ్వు గుంజు."

"నేనా?"

"నా రెండో కాన్పు గూడ గిట్లనే అడ్డం తిరిగె. అప్పుడు కోసేటోళ్ళు లేకుండె. బిడ్డ దక్కలే. నేను కన్న గదా, నాకు బావి పూజ చేసిన్రా ఎవరన్న? దీని బిడ్డ దక్కింది. ఇది కన్నదే. గుంజు."

ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. పక్కింటావిడ తాడు అందుకుని గుంజింది. నేను ఒంటి వేలితో బావిని మొత్తం పైకి తోడుతున్నదానిలా నిలబడ్డాను. బిందె కూడా పక్కింటావిడ నెత్తికే ఎక్కింది. ఆమె మూతి చూసి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. దిండేమో ఇంట్లో ఉంది. అత్తగారు గబుక్కున రెండు చేతులతో నా కడుపు అదిమి పట్టింది.

"ఊడిందా?"

"లేదత్తమ్మా. గట్టిగనే ఉన్నది."

నమ్మలేదు. వాడంతా చూస్తుండగా, ఇల్లు చేరేదాకా ఆ చేతులు తీయలేదు.